వేడికి తట్టుకుంటుంది సరే, దేని మీద?

ఎడిటర్ గారికి,

పోయిన ఆదివారం మీ సైన్స్ పేజీలో 'ఎంత వేడికీ చెదరని పొర' అని వేశారు, ఊరుకుందామనుకున్నా గానీ ఊరుకోలేక ఇప్పుడు రాస్తున్నా. హైడ్రోజన్ బంధాలతో, అంటే అణువుకీ అణువుకీ మధ్య ఉండే బలహీనమైన పట్టుతో, అల్లుకున్న ఒక్క అణువు మందం పొరట, ఇక కాల్చినా ఏం కాదట. అది ఏ అణువు, దేని మీద పరిచారు, వ్యాక్యూమ్‌లోనా ద్రవం కిందా, ఎన్ని డిగ్రీల దాకా చూశారు, ఒక్క ముక్క లేదు. రంగుల బొమ్మ మాత్రం అరపేజీ.

కార్బన్-కార్బన్ బంధం తెంచాలంటే మోల్‌కి 350 కిలోజౌళ్ల దాకా కావాలి, మామూలు హైడ్రోజన్ బంధానికి అందులో పదో వంతు కూడా అక్కర్లేదు, ఇంటర్ పిల్లల్ని అడిగినా చెప్తారు. పొర నిలబడేది అలాంటి బంధాలు బోలెడు కలవడం వల్ల, ఇంకా కిందున్న ఉపరితలం పట్టు వల్ల. ఇలాంటి పొరలు అల్లే ట్రైమెసిక్ యాసిడ్‌నే తీసుకోండి. గ్రాఫైట్ మీద చక్కగా తేనెపట్టు గళ్లలా పేరుకుంటుంది. రాగి మీదైతే మైనస్ 70 డిగ్రీల దగ్గర ఆ గళ్లు ఉంటాయి, గది వేడికి వచ్చేసరికి యాసిడ్ తన హైడ్రోజన్ వదిలేసి రాగినే పట్టుకుంటుంది, అల్లికే మారిపోతుంది. పొర ఉంది కదా అంటే ఉంది, కానీ అది పాత పొర కాదు కదండీ!

ఇంకోటి, 2010లో జర్మనీలోని మ్యూనిక్ శాస్త్రవేత్తలు గ్రాఫైట్ మీద, నోనానోయిక్ యాసిడ్ అనే ద్రవం కింద, బీటీబీ అనే మూడు చేతుల యాసిడ్ పొరని చూశారు. 55 డిగ్రీల దగ్గర గళ్లు మూసుకుపోయి అణువులు దగ్గరగా సర్దుకున్నాయి, చల్లారిస్తే గళ్లు మళ్లీ తెరుచుకున్నాయి. గళ్లలో ఇరుక్కున్న ద్రవం అణువులు వేడికి బయటపడటమే కారణమని వాళ్ల వివరణ. 55 అంటే ఎంత, మే నెలలో ఎండలో పెట్టిన కారు డ్యాష్‌బోర్డు అంతకంటే వేడెక్కుతుంది. రాయాల్సింది ఇలాంటివి, 'ఎంత వేడికీ' అని కాదు.

ప్రెస్ నోట్ వస్తే దించేయడమేనా, చదివి చూసే మనిషే లేడా మీ డెస్క్‌లో? రాశిఫలాలకి రోజూ చోటుంటుంది, సైన్స్‌కి వారానికోసారి, అదీ తప్పులతో. అధికారులదీ ఇదే వరస, ఏదో కాలేజీలో నానో ల్యాబ్ అని రిబ్బన్ కట్ చేసి ఫొటోలు దిగి వెళ్లిపోతారు, ఆ తర్వాత దానికి తాళమే, పిల్లలు ప్రాక్టికల్ రికార్డులు పక్కవాడివి చూసి రాసుకుంటారు. ఆ పిల్లలే రేపు మీ దగ్గర సబ్ ఎడిటర్లు.

సవరణ వేయండి. ఏ ఉపరితలం, ఎన్ని డిగ్రీలు, ఎంతసేపు, ఈ మూడూ రాయండి చాలు. అదీ జిల్లా పేజీ అడుగున కాదు, ఆ సైన్స్ పేజీలోనే.

ఇట్లు,
ఒక రిటైర్డ్ కెమిస్ట్రీ లెక్చరర్,
తెనాలి