తెరచాప ఎత్తితే ఇంటికి చేర్చే పడవ ఇవ్వండి: మత్స్యశాఖ మంత్రి గారికి బహిరంగ లేఖ

గౌరవనీయులైన ఆంధ్రప్రదేశ్ మత్స్యశాఖ మంత్రి గారికి నమస్కారం.

నేను శ్రీకాకుళం తీరంలో చేపల వేట మీద బతికే ఇంట్లో పుట్టినవాణ్ని. మాకు సబ్సిడీ మీద ఫైబర్ పడవ వచ్చిన రోజు ఇంట్లో పండగే. కొబ్బరికాయ కొట్టి, పసుపు కుంకుమ పెట్టి, గంగమ్మకు మొక్కి నీళ్లలోకి తోశాం. వారం తిరక్కుండానే చిన్నాన్న తేల్చేశాడు, "ఇది మాట వినే పడవ కాదురా" అని. తెరచాప మీద వెళ్తుంటే, గాలి కాస్త పెరిగితే చాలు, ముక్కు గాలివైపు తిరిగిపోతుంది. చుక్కానిని రెండు చేతులా పట్టి, కాలు అంచుకు తన్నిపెట్టి కూర్చోవాల్సిందే.

పోయిన ఫిబ్రవరిలో ఒక సాయంత్రం అయ్య వాళ్లు సముద్రంలో ఉండగా ఇంజిన్ ఆగిపోయింది. నైరుతి గాలి. మా రామాలయం మీద ట్యూబ్‌లైటు వెలగడం పడవలోంచి కనబడుతూనే ఉందట. చాప ఎత్తారు. ముక్కు ఊరివైపే ఉంది, పడవ మాత్రం పక్కకు జారిపోతూనే ఉంది. చివరికి మూడు ఊళ్ల అవతల ఒడ్డుకు తగిలింది. ఇంటి దగ్గర మా టెన్షన్ చెప్పలేను. అర్ధరాత్రి దాటాక అయ్య ఇల్లు చేరాడు. అరచేతుల్లో తోలు లేచిపోయింది. అమ్మ ఆ చేతులకు కొబ్బరినూనె రాస్తూ ఒక్క మాటా మాట్లాడలేదు.

తప్పు గాలిది కాదు, సార్. తాతల నాటి కర్ర తెప్ప నీళ్లలో సగం మునిగి నడిచేది. చాప ఎత్తినప్పుడు పక్కన ఒక పలకను లోతుకు దించేవాళ్లు. గాలి పక్కకు తోస్తుంటే ఆ పలక అడ్డం నిలిచేది. మా ఫైబర్ పడవ తేలిక, అడుగు చదును, పలక లేదు. చాప కర్రను మూరెడు ముందుకు జరిపితే ముక్కు తిరగడం తగ్గుతుందని చిన్నాన్న అంటాడు. కానీ కర్ర నిలిపే గుంటను అచ్చులోనే పోసేశారు, జరపడానికి లేదు. ఇంజిన్ ఉంది కదా, చాపతో ఏం పని అనుకుని ఉంటారు. ఇంజిన్ ఆగిన రోజున మాకు మిగిలేది ఆ చాపే.

2004 సునామీ తర్వాత సాయం పేరుతో తూర్పు తీరంలో ఫైబర్ పడవలు హడావిడిగా తయారయ్యాయి, నాసిరకానివి చాలా వచ్చాయి. అంతకుముందు 1980లలో ఐక్యరాజ్యసమితి ఆహార, వ్యవసాయ సంస్థ నడిపిన మత్స్య పథకం 'బే ఆఫ్ బెంగాల్ ప్రోగ్రామ్' వాళ్లు ఒడ్డు నుంచి దింపే పడవలను మత్స్యకారుల చేతికిచ్చి, కెరటాల్లో నడిపించి చూసేవారు. ఆ పద్ధతి మళ్లీ రావాలి. సబ్సిడీ పడవ ఏదైనా సరే, వలలు, మనుషుల బరువుతో, ఇంజిన్ ఆపి, చాప మీద నడిపి చూశాకే బిల్లు పాస్ చేయండి. నడిపినవాళ్ల సంతకం కూడా తీసుకోండి.

ఏప్రిల్ 15 నుంచి 61 రోజులు వేట నిషేధం. మా పడవలన్నీ ఒడ్డునే ఉంటాయి. ఇంజిన్ లేని పడవలకు ఆ నిషేధం లేదు కాబట్టి, ఇంజిన్ దించేసి చాప మీద నడిపి చూడటానికి అదే సరైన సమయం. విశాఖలోనే ఉన్న సిఫ్ట్ (కేంద్ర మత్స్య సాంకేతిక సంస్థ) పరిశోధన కేంద్రం నుంచి ఇద్దరిని పంపండి. చుక్కాని దగ్గర మా చిన్నాన్న కూర్చుంటాడు.

ఇట్లు,
శ్రీకాకుళం తీరం నుంచి ఒక మత్స్యకారుడి కొడుకు