వ్యవసాయ మంత్రి గారికి: వరి ఎంపికలో దిగుబడి లాభాన్ని ముందే లెక్క కట్టించండి

గౌరవనీయులైన ఆంధ్రప్రదేశ్ వ్యవసాయ శాఖ మంత్రి గారికి,

నమస్కారం. ముప్పై ఏళ్లు వరి మడుల్లో తిరిగి రిటైరైన బ్రీడర్‌ని, అంటే కొత్త వంగడాలు తయారుచేసేవాణ్ని. ఏటా ఎన్ని కొత్త వంగడాలు విడుదలయ్యాయో వింటున్నాను. వాటి వల్ల దిగుబడి ఏడాదికి ఎంత పెరుగుతోందో మాత్రం నాకు ఎక్కడా కనిపించడం లేదు.

ఇది ముందే అంచనా కట్టగల విషయం. వంద లైన్ల (ఇంకా పరీక్షలో ఉన్న వంగడాల) సగటు ఎకరాకు 30 బస్తాలు, అందులో మేలైన ఐదింటి సగటు 36 అనుకుందాం. ఆరు బస్తాలు పెరిగాయని సంబరపడతాం. కానీ ఆ ఆరులో నేల సారం ఉంది, నీరు ఉంది, గట్టు పక్కన తగిలే ఎండ ఉంది. విత్తనంలో ఉన్న గుణం వాటా 0.3 అయితే మనకు దక్కేది 1.8 బస్తాలే. ఆ ఐదు లైన్లనే మరుసటి ఏడు వేరేచోట వేస్తే సగటు 31.8 దగ్గరికి దిగుతుంది. ఈ వాటానే అనువంశికత అంటాం. ట్రయల్, అంటే లైన్లను పోల్చి చూసే పొలం పరీక్ష, చెడితే అదీ పడిపోతుంది. నేను పనిచేసిన ఒక కేంద్రంలో పూత దశలో మోటారు కాలిపోయి సగం మడులు ఎండాయి. అయినా ఎంపిక ఆపలేదు. కాలవ దగ్గరి లైన్లే నెగ్గాయి. వాటి మీద పెట్టిన మూడేళ్లూ పోయాయి. ఆ బాధ నాకింకా ఉంది.

లైన్లు పెంచితే చాలని ఎవరైనా చెబితే నమ్మకండి. పదికి ఒకటి బదులు వందకు ఒకటి ఎంచితే ఎంపిక తీవ్రత (ఎంచినవి సగటుకు ఎంత పైన ఉన్నాయో చెప్పే కొలత) 1.76 నుంచి 2.67కే చేరుతుంది. పని పది రెట్లు, ఫలితం ఒకటిన్నర రెట్లు. అదే ఒక సంకరం (రెండు రకాలను కలపడం) నుంచి తర్వాతి సంకరానికి పట్టే పదేళ్లను ఐదుకు తెస్తే, ఎంపిక కచ్చితత్వం తగ్గనంతవరకూ, ఏడాది లాభం రెట్టింపవుతుంది.

బాపట్ల నుంచి 1986లో వచ్చిన బీపీటీ 5204 (సాంబ మసూరి) వరి రకాన్ని జనం ఇంకా అడిగి తింటున్నారు. దాన్నీ, ఎంటీయూ 1010 అనే రకాన్నీ ప్రతి ట్రయల్‌లో శాశ్వత చెక్‌లుగా, అంటే కొత్తవాటిని పోల్చి చూసే రకాలుగా, వేయించండి. బీపీటీకి ఎండాకు తెగులు సోకిన ఏడు కొత్త రకం లేని గొప్పతో కనిపిస్తుంది, ఆ సంగతి కూడా రాయించండి. ఎంపిక రోజునే అంచనా లాభాన్ని నమోదు చేయించి, మూడేళ్ల తర్వాత నిజంగా వచ్చినదాన్ని దాని పక్కనే ప్రచురించండి. పొలం చదునుకు, మోటార్లకు, మూడు రెప్లికేషన్లకు (ప్రతి లైన్‌నూ మూడు మడుల్లో వేయడానికి) వచ్చే బడ్జెట్‌లోనే డబ్బు ఇప్పించండి.

ఇట్లు,
ఒక రిటైర్డ్ వరి బ్రీడర్