పెద్దల సంగతులు వారి గొంతులోనే దాచుకుందాం

సంపాదకులకు,

ఇళ్లలోని పెద్దవాళ్ల చిన్ననాటి సంగతులను పుస్తకంలో రాసిపెట్టుకోవాలని పలువురు సలహా ఇస్తుంటారు. ఒడిశాలోని గజపతి, గంజాం, రాయగడ జిల్లాల తెలుగు కుటుంబాలకు ఆ సలహా అంతగా అక్కరకు రాదు. మా మనవలు ఇంట్లో తెలుగు మాట్లాడినా బడిలో చదివేది ఒడియా, ఇంగ్లిషే కనుక, అమ్మమ్మ కథను తెలుగులో ఎంత చక్కగా రాసి ఇచ్చినా చాలామంది చదవలేరు, చదివి వినిపిస్తే మాత్రం ఇట్టే అర్థం చేసుకుంటారు. అందుచేత మేము ముందుగా చేయవలసిన పని పెద్దల మాటలను ఫోనులో రికార్డు చేసుకోవడం.

1936 ఏప్రిల్ 1న ఒరిస్సా రాష్ట్రం ఏర్పడి పర్లాకిమిడి అందులో చేరినప్పుడు, పక్కనే ఉన్న, ఇప్పటి శ్రీకాకుళం జిల్లాలోని పాతపట్నం మద్రాసు రాష్ట్రంలోనే ఉండిపోయింది. పుట్టినిల్లు ఒక రాష్ట్రంలో, అత్తవారిల్లు మరొక రాష్ట్రంలో అయిన ఆ రోజులను ఊహ తెలిసిన వయసులో చూసినవారు ఇప్పుడు దాదాపుగా లేరు, వారి మాటలను ఎవరూ పట్టి ఉంచలేదు. నౌపడా నుంచి గుణుపురం పోయే చిన్న రైలెక్కి చుట్టాలిళ్లకు తిరిగిన తరం మాత్రం ఇంకా మన మధ్య ఉంది. 1900లో పర్లాకిమిడికి వచ్చిన ఆ లైను, బ్రాడ్‌గేజి పనుల కోసం 2004లో మూతపడింది.

"మీ చిన్నతనం గురించి చెప్పండి" అని ఫోను ముందుపెడితే ఎవరైనా బిగుసుకుపోతారు. మా మేనత్త గారిని అలా అడిగితే "ఏటుందమ్మా చెప్పడానికి, పెరిగినాం, పెళ్లయిపోయింది" అని ఊరుకున్నారు. పెళ్లినాడు మగపెళ్లివారు రైలు దిగి విడిదికి ఎలా వచ్చారని అడిగేసరికి, ఇంజను నిప్పురవ్వలు పడి వియ్యపురాలి చీరకు చిల్లులు పడిన సంగతి, రోజూ చోడి (రాగి) అంబలి తాగే ఇంట్లో ఆ పూట వరి అన్నం వండడానికి బియ్యం ఎవరెవరి దగ్గర బదులు తెచ్చారన్న సంగతి ఆపకుండా చెప్పుకొచ్చారు. మధ్యలో దూరి తేదీలు సరిచేసే మావయ్యలను ఆ కాసేపు వీధి అరుగు మీద కూర్చోబెట్టడం మంచిది.

రికార్డు మొదట్లోనే తేదీ, ఊరు, మాట్లాడేవారి పేరు, వరస చెప్పించాలి. ఆస్తి తగవుల వంటివి బయటికి పొక్కనీయవద్దని వారంటే ఆ మాట దాటకూడదు. వాట్సాప్‌లో పంపేశాం గదా అని ఊరుకుంటే ఫోను మారిననాడు పోతుంది. కంప్యూటరులో ఒకటి, పెన్‌డ్రైవులో ఒకటి ఉంచుకోవాలి.

పర్లాకిమిడిలో ఉంటూ, సవర గిరిజనుల నోటనే విని వారి భాష నేర్చుకుని నిఘంటువు కూర్చిన గిడుగు రామమూర్తి పంతులు గారి జయంతి ఆగస్టు 29న వస్తుంది. ఆ రోజు జరిపే సభల్లో ప్రసంగాలు ఒకటి రెండు తగ్గించి ఇలాంటి రికార్డులు వినిపించవచ్చునని తెలుగు సంఘాలకు నా మనవి. మీ పత్రిక కూడా శ్రీకాకుళం పేజీల్లో వారానికి అర కాలమ్ కేటాయించి, మేము ఎత్తిరాసి పంపిన భాగాలను మాట దిద్దకుండా, యాస మార్చకుండా అచ్చువేయాలని కోరుతున్నాను. అవి చదివితే అటువైపు ఉన్న చుట్టాలు తమకు గుర్తున్నవి కూడా జోడించి పంపుతారు.

ఇట్లు,
ఒక పాఠకురాలు,
పర్లాకిమిడి, గజపతి జిల్లా, ఒడిశా