నూనె సుంకానికి రికార్డో లెక్క

సంపాదకులకు,

వంటనూనె దిగుమతుల మాట వచ్చినప్పుడల్లా మన చర్చ ‘స్వేచ్ఛా వాణిజ్యమా, దేశ భద్రతా’ దగ్గరే ఆగిపోతోంది. ఇదే వాదన 1815లో ఇంగ్లండులో గోధుమల మీద జరిగింది. కరవొస్తే ఫ్రాన్సు మనకు అమ్మదు, దిగుమతిని కట్టడి చేసి ఇక్కడే పండించుకోవాలన్నాడు ఆర్థికవేత్త మాల్థస్. అమ్మకం ఆపితే మన కోసం సాగు పెంచుకున్న వాళ్ల రైతే మునుగుతాడు, కాబట్టి ఎక్కువకాలం ఆపలేరన్నాడు స్వేచ్ఛా వాణిజ్యాన్ని సమర్థించిన మరో ఆర్థికవేత్త రికార్డో. 2022లో ఇండోనేషియా ఇద్దరి మాటా నిజం చేసింది. ఏప్రిల్ 28న పామాయిల్ ఎగుమతి ఆపింది. ట్యాంకులు నిండి, గెలల ధర పడిపోయి, అక్కడి రైతులు రోడ్డెక్కారు. మే 23న నిషేధం ఎత్తేసింది.

మనం అంతకంటే శ్రద్ధగా చదవాల్సింది ఇంగ్లండు 1828లో తెచ్చిన సుంకం సంగతి. గోధుమ ధర పెరిగేకొద్దీ సుంకం తగ్గేది. క్వార్టరు, అంటే సుమారు 218 కిలోలు, 66 షిల్లింగులు పలికితే సుంకం 20 షిల్లింగుల 8 పెన్నీలు. ధర 73కు చేరితే ఒక్క షిల్లింగే. ధరలో 7, సుంకంలో దాదాపు 20. దిగుమతి సరుకును సుంకం కట్టకుండా గోదాములో బిగబట్టిన వర్తకుడికి క్వార్టరుకు దాదాపు 27 షిల్లింగులు కలిసొచ్చేవి. కొరత రోజుల్లో గింజ బయటికొచ్చేది కాదు. ధర గీత దాటగానే అంతా ఒక్కసారే మార్కెట్లో పడేది. సుంకం ఎంతో తేల్చే సగటు మార్కెట్ ధరను పెంచి చూపడానికి దొంగ అమ్మకాలు కూడా చూపించేవారు.

1822లోనే రికార్డో వేరే దారి చెప్పాడు. సుంకం 20 షిల్లింగులతో మొదలుపెట్టి, ఏటా ఒక్కొక్కటి తగ్గిస్తూ, 10 దగ్గర నిలపమన్నాడు. రైతుకు పదేళ్ల లెక్క ముందే తెలిసేది. పార్లమెంటు వినలేదు.

మన దగ్గర ముడి పామాయిల్‌పై మూల సుంకం 2024 సెప్టెంబరులో సున్నా నుంచి 20 శాతమైంది, 2025 మే చివర 10కి దిగింది. తొమ్మిది నెలలు కూడా నిండలేదు. ఆయిల్ పామ్ మొక్క కాపుకొచ్చేసరికే మూడు, నాలుగేళ్లు పడుతుంది, తోట పాతికేళ్లు నిలుస్తుంది. ఏలూరు, ఖమ్మం రైతుకిచ్చే టన్ను గెలల ధర ముడి నూనె ధరను బట్టే కడతారు. ఇక ఏ లెక్క నమ్మి మొక్క నాటాలి?

వచ్చే ఐదేళ్లలో ఏ ఏడు సుంకం ఎంతో కేంద్రం ఇప్పుడే ప్రకటించాలి. తగ్గించాలనుకుంటే ఏటా కొంచెంగా తగ్గించాలి. మధ్యలో ధర మండితే సుంకం కదపకుండా, రేషన్ షాపుల్లో పేద కుటుంబాలకు రాయితీపై నూనె ఇవ్వాలి.

— ఆర్థికశాస్త్ర అధ్యాపకుడు, ఏలూరు