మంత్రి గారూ, మా బాత్రూమ్ తలుపు 24 అంగుళాలు

తమిళనాడు దివ్యాంగుల సంక్షేమ శాఖ మంత్రి గారికి,

నమస్కారం. నేను చెన్నై పెరంబూరులో ఉంటాను. ఇంట్లో తెలుగు, గుమ్మం దాటితే తమిళం. ఈ ఉత్తరం తమిళ ప్రతిని మీ ఆఫీసుకు పోస్టు చేశాను. ఈ ఊళ్లో నాలాంటి తెలుగువాళ్లు చాలామంది ఉన్నారు కాబట్టి తెలుగులోనూ రాస్తున్నాను.

మూడేళ్ల కిందట నాకు పక్షవాతం వచ్చింది. కుడి చెయ్యి పూర్తిగా పడిపోయింది, కుడి కాలు సగం పనిచేస్తుంది. ఆస్పత్రి నుంచి వచ్చాక చూడ్డానికి వచ్చినవాళ్లందరూ ఎన్ని అడుగులు వేస్తున్నావని అడిగారు. స్నానం ఎవరు చేయిస్తున్నారని ఒక్కరూ అడగలేదు. మా కోడలు చేయించేది. మంచి పిల్ల, ఏనాడూ విసుక్కోలేదు. అయినా యాభై ఎనిమిదేళ్ల మనిషిని, రోజూ ఆ పిల్ల ముందు ఒంటి మీద బట్ట లేకుండా కూర్చోవాలంటే కళ్లు మూసుకునేదాన్ని.

కుడి చెయ్యి పోతే మన ఇళ్లలో ఇంకో చిక్కు ఉంది. తినే చెయ్యి వేరు, కడుక్కునే చెయ్యి వేరు అని పసితనం నుంచే నేర్పుతారు కదా. నాకు రెండిటికీ ఎడమ చెయ్యే మిగిలింది. మొదటి నెలలో ముద్ద నోటి దాకా వచ్చి ఆగిపోయేది. టాయిలెట్‌లో ఎడమవైపు గోడకి, కూర్చుంటే అందేలా జెట్ స్ప్రే పెట్టించాక కడుపునిండా తిన్నాను. ప్లంబరుకి అది అరగంట పని.

ఇలాంటివన్నీ ఒక్కొక్కటిగా మేమే కనిపెట్టుకున్నాం. సబ్బు జారిపోతుంటే పాత సాక్సులో వేసి మెడలో వేలాడదీసుకున్నాను. వీపు రుద్దుకోవడానికి మా అబ్బాయి అరంగుళం పీవీసీ పైపుని వేడి చేసి కొడవలిలా వంచి, చివర గిన్నెలు తోమే స్పాంజి కట్టాడు (కొత్తదేలెండి). జాకెట్టు హుక్కులు పీకించి వెల్క్రో కుట్టించాం. ఒకసారి టవల్ రాడ్ పట్టుకుని లేవబోతే స్క్రూలతో సహా ఊడి చేతికొచ్చింది. ఆ తర్వాతే గోడలోకి బోల్టులు దించి గట్టి స్టీలు కడ్డీ బిగించాం. జడ ఒక్కటే ఒంటి చేత్తో కుదరలేదు. కత్తిరిస్తామని నన్ను అడిగారు. వద్దనే ఓపిక నాకప్పుడు లేదు.

ఏడాది తర్వాత ఒక ఆక్యుపేషనల్ థెరపిస్టు అమ్మాయిని కలిశాం, అంటే రోజువారీ పనులు సొంతంగా చేసుకోవడం నేర్పే మనిషి. జాకెట్టు పడిపోయిన చేతికి ముందు తొడగాలి, విప్పేటప్పుడు బాగున్న చేతి వైపు నుంచి మొదలుపెట్టాలి అని చూపించింది. ఇరవై నిమిషాలు పట్టిందేమో. అప్పటిదాకా మేం తిరగేసి తొడుగుతూ రోజూ కుస్తీ పట్టేవాళ్లం.

ఈ మధ్యలోనే ఒక ఉచిత ఉపకరణాల శిబిరానికి వెళ్లాం. మేం ఉండేది రెండో అంతస్తు, లిఫ్టు లేదు. నన్ను కిందికి దించాలంటే మా అబ్బాయి, వాచ్‌మన్ ఇద్దరూ కావాలి. అక్కడ 40 శాతం వైకల్యం ఉందన్న సర్టిఫికెట్ చూసి చక్రాల కుర్చీ ఇచ్చారు. మెరిసిపోతోంది. ఇంటికొచ్చి కొలిస్తే కుర్చీ వెడల్పు 26 అంగుళాలు, మా బాత్రూమ్ తలుపు 24. ఇప్పుడు ఉతికిన బట్టలు దాని మీద మడత పెట్టుకుంటున్నాం. ఇల్లెలా ఉంటుందని శిబిరంలో ఎవరూ అడగలేదు, చెప్పాలని మాకూ తోచలేదు.

తమిళనాడు ప్రభుత్వం 2022లో మెరీనాలో సముద్రం దాకా చక్రాల కుర్చీ వెళ్లే బాట వేసింది. మంచి పని. కానీ నాకు సముద్రం దాకా దారి ఉంది, బాత్రూమ్ దాకా లేదు.

ఇదేదో నా ఒక్కదాని గొంతెమ్మ కోరిక అనుకోకండి. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2016లో అన్నిటికన్నా ముందు అందాల్సిన సహాయక ఉపకరణాలు 50 చెప్పింది. స్నానానికి, టాయిలెట్‌కి కుర్చీలు, పట్టుకునే కడ్డీలు అందులో ఉన్నాయి. మన దేశంలో 1981 నుంచి నడుస్తున్న, దివ్యాంగులకి ఉపకరణాలు ఇచ్చే కేంద్ర ప్రభుత్వ అడిప్ పథకంలో కుష్ఠు నయమైనవాళ్లకి రోజువారీ పనుల కిట్ ఇస్తున్నారు. మరి మిగతావాళ్లకి? చెయ్యి ఏ జబ్బుతో పోయిందో ఆ కిట్‌కి తెలుస్తుందా? 2016 దివ్యాంగుల హక్కుల చట్టం అయిదో సెక్షన్ అయితే వ్యక్తిగత సహాయంతో సహా ఇంట్లో సేవలు అందేలా ప్రభుత్వాలు ప్రయత్నించాలంది, వయసుని, ఆడా మగా తేడాని దృష్టిలో పెట్టుకుని మరీ. ఆ మాట రాసిన వాళ్లెవరో గానీ మా ఇంటి సంగతి తెలిసినట్టే రాశారు.

కామరాజర్ సాలైలో మ్యూజియం ఆఫ్ పాసిబిలిటీస్ చూశాను. ఇలాంటి వస్తువులు అక్కడ పట్టుకుని చూడొచ్చు. నాకు ఎంత సంతోషమేసిందో! అయితే మంచం దిగలేనివాళ్లు అక్కడికెలా వస్తారు? ఇళ్లకి వెళ్లే ఏర్పాటు మీ ప్రభుత్వంలోనే ఉంది. 2021లో మొదలైన మక్కళై తేడి మరుత్తువం కింద బీపీ, షుగరు మాత్రలు గుమ్మం దగ్గరికొస్తున్నాయి, ఫిజియోథెరపీ కూడా ఇంట్లోనే చేస్తున్నారు. అది ఆరోగ్య శాఖది, నాకు తెలుసు. ఆ మంత్రి గారితో మీరు మాట్లాడలేరా? వచ్చే మనిషి చేతికి ఒక టేపు ఇచ్చి బాత్రూమ్ కూడా చూసి రమ్మనండి. తలుపు, గడప, కమోడ్ ఎత్తు కొలిచాకే ఏం ఇవ్వాలో తేల్చండి. కొందరికి చక్రాల కుర్చీ కావాలి. ఇంకొకరికి నాలుగు కాళ్ల స్నానం స్టూలు, గోడకి కడ్డీ, పొడుగు పిడి దువ్వెన చాలు. ఇచ్చేముందు ఒక థెరపిస్టు పక్కన కూర్చుని వాడి చూపించాలి. లేకపోతే ఎంత మంచి వస్తువైనా మా కుర్చీలాగే బట్టలు మోస్తుంది.

తమిళంలో మమ్మల్ని మాట్రుత్తిరనాళి అంటారు, వేరే రకం సామర్థ్యం ఉన్నవాళ్లని. పేరు నాకు నచ్చింది. ఇప్పుడు నేను ఒక్కదాన్నే స్నానం చేస్తున్నాను, ముప్పావుగంట పడుతుంది. కోడలు తలుపు బయట నిలబడి అయిదు నిమిషాలకోసారి "అత్తయ్యా!" అని పిలుస్తుంది. "ఆఁ" అంటే చాలు, లోపలికి రాదు.

మీ వాళ్లకి పని తగ్గుతుందని మా కొలతలు ఇస్తున్నాను. తలుపు వెడల్పు 24 అంగుళాలు, గడప ఎత్తు 4, కమోడ్ ఎత్తు 15. కుర్చీ కొత్తగానే ఉంది, వెడల్పు తలుపున్న ఇల్లెవరిదైనా ఉంటే వచ్చి పట్టుకెళ్లమనండి.

ఇట్లు,
పెరంబూరు నుంచి ఒక తెలుగు అత్తగారు