పొరలు విడిపోయిన స్కీలు, సరుకు చూడకుండానే కాదన్న వారంటీ

ఆరోరా, కొలరాడో
2025 మార్చి 24

స్కీల తయారీ సంస్థ యజమాని గారికి,

విషయం: 177 సెం.మీ. జతలో ఎడ్జ్ విడిపోవడం, వారంటీ తిరస్కరణ, కొత్త జత లేదా పూర్తి సొమ్ము వాపసు కోసం

నమస్కారమండీ.

గత అక్టోబర్‌లో మీ దగ్గర కొన్న స్కీల జత పొరలు విడిపోతున్నాయి. ఒక స్కీకి బూటు మడమ నిలిచే చోటు నుంచి జానెడు వెనక, అంచున ఉండే ఉక్కు ఎడ్జ్‌కీ దాని పైనున్న పక్క గోడ, అంటే సైడ్‌వాల్‌కీ మధ్య సందు ఏర్పడింది. విజిటింగ్ కార్డు అందులో సులువుగా దూరుతోంది. రెండో స్కీకి కూడా సరిగ్గా అదే చోట సన్నని గీత వచ్చింది. బొటనవేలితో నొక్కితే అది కదులుతోంది. ఫోటోలు పెట్టి వారంటీ కింద మార్చి ఇవ్వమని అడిగితే మీ సపోర్ట్ వాళ్ళు కుదరదన్నారు. రాయి తగిలి పాడైందట. పైగా బూటుని స్కీకి పట్టి ఉంచే బైండింగ్‌లు మీ జాబితాలో లేని షాపులో బిగించాను కాబట్టి వారంటీ అప్పుడే పోయిందట. నాకు కొత్త జత కావాలి, లేదా నేను కట్టిన 849 డాలర్లు, దాని మీద పన్ను వెనక్కి రావాలి.

సపోర్ట్ వాళ్ళతో ఇంగ్లీషులో నడిచిన మెయిళ్ళన్నీ జతచేశాను. మీకు మాత్రం తెలుగులో రాస్తున్నాను. మీ వర్క్‌షాపుకి వచ్చినప్పుడు, పొరల్ని వేడితో నొక్కి అతికించే ప్రెస్ పక్కన నిలబెట్టి, ఏ పొర మీద ఏ పొర వస్తుందో, ఎక్కడ జాగ్రత్త తప్పితే ఏమవుతుందో మీరే నాకు తెలుగులో విడమరిచి చెప్పారు. కింద బేస్, దాని చుట్టూ ఉక్కు ఎడ్జ్, ఎడ్జ్ మీద పల్చని రబ్బరు పట్టీ, ఆపైన ఫైబర్‌గ్లాస్, మధ్యలో మేపుల్, పాప్లర్ చెక్క, పక్కలకు సైడ్‌వాల్, మళ్ళీ ఫైబర్‌గ్లాస్, అన్నిటికన్నా పైన టాప్‌షీట్. వీటన్నిటినీ పట్టి ఉంచేది ఎపాక్సీ జిగురు ఒక్కటే అన్నారు. ఆ రోజు మీరు నేర్పిన విషయాలతోనే నా స్కీకి ఏమైందో ఇప్పుడు మీకు చెప్తున్నాను.

ముందు రాయి సంగతి. కొలరాడోలో సీజన్ మొదట్లో మంచు పల్చగా ఉంటుంది, రాళ్ళు తగలడం ఇక్కడ ఎవరికీ కొత్త కాదు. తగిలినప్పుడు ఆనవాళ్ళు మిగులుతాయి. ఎడ్జ్ మీద నొక్కు పడుతుంది, లోహం లేచి చేతికి గరుగ్గా తగులుతుంది. దెబ్బ గట్టిదైతే ఎడ్జ్ అడ్డంగా పగులుతుంది, బేస్ చెక్కుకుపోయి లోపలి పొరలు బయటపడతాయి. నా స్కీ మీద ఆ భాగంలో వీటిలో ఒక్కటీ లేదు. ఎడ్జ్ వెంబడి వేలు రాస్తే ఎక్కడా ఆగదు. బేస్ మీద పైపై గీతలు తప్ప ఏమీ లేవు. రెండు స్కీలకూ ఒకే చోట, కనీసం నొక్కు కూడా పడకుండా రాయి తగిలిందని ఎలా నమ్మమంటారు?

అంతకన్నా ముఖ్యమైనది ఆ సందులోపల కనిపించింది. డెన్వర్‌లో నేను వెళ్ళే షాపు టెక్నీషియన్ సన్నని టార్చి వేసి చూపించాడు, నేనూ ఫోటో తీశాను (జతచేసిన వాటిలో నాలుగోది). ఫైబర్‌గ్లాస్ బట్ట ఎపాక్సీలో పూర్తిగా నానితే గాజులా పారదర్శకంగా అవుతుంది. నానకపోతే తెల్లగా ఉండిపోతుంది. నా స్కీలో ఆ సందు పొడవునా అది తెల్లగా, పొడిగా ఉంది. రబ్బరు పట్టీ కూడా శుభ్రంగా విడివడింది, దాని మీద ఎపాక్సీ మరక కూడా లేదు. బాగా అతికిన దాన్ని దెబ్బ కొట్టి విడదీస్తే చెక్క పీచో గ్లాసు పోగులో దాన్ని పట్టుకుని ఊడి వస్తాయి. ఇలా శుభ్రంగా రావాలంటే అది మొదటి నుంచీ అతుక్కోలేదనే అర్థం. సైడ్‌వాల్‌ని సరిగ్గా గరుకు చేయలేదా, ఎపాక్సీ తక్కువైందా, ప్రెస్‌లో ఆ కొసన వేడి చాలలేదా అన్నది మీరే తేల్చాలి. ఇవన్నీ మీ వర్క్‌షాపులో జరిగే పనులు, నా చేతిలో జరిగేవి కావు.

ఇది చూడ్డానికి బాగాలేదన్న ఫిర్యాదు కాదండీ. గట్టి మంచు మీద మలుపు ముగిసేటప్పుడు మడమ వెనకున్న ఎడ్జ్ మీద బాగా బరువు పడుతుంది. ఆ భాగమే వదులుగా ఉంది. సందులోకి కరిగిన మంచు నీరు పోతుంది, రాత్రి కారులోనో గరాజ్‌లోనో గడ్డకడుతుంది. నీరు గడ్డకడితే సుమారు 9 శాతం ఉబ్బుతుంది కదా, ఆ ఉబ్బు ప్రతిసారీ సందుని ఇంకొంచెం తెరుస్తుంది. ఎడ్జ్‌కి తుప్పు, చెక్కకి తేమ. ఏదో ఒక రోజు వేగంలో ఉండగా ఎడ్జ్ ఊడి బయటికొస్తే పడేది నేను, నా వెనక వచ్చే పిల్లలు నన్ను గుద్దుకుంటారు. వ్యాక్స్ వేస్తూ ఈ సందు చూసినప్పటి నుంచి ఆ స్కీలు ఎక్కలేదు. మిగతా సీజనంతా అద్దె స్కీలతో గడిపాను. ఎపాక్సీ పోసి క్లాంపులు బిగించుకోమని మీ సపోర్ట్ వాళ్ళు సలహా ఇచ్చారు. పాత స్కీకి అలా చేసుకుంటాం. కొత్త స్కీకి, అదీ లోపల గ్లాసు పొడిగా ఉందని తెలిశాక, పైపైన అతికించి కొండ ఎక్కమనడం న్యాయం కాదు.

ఇక బైండింగ్‌ల విషయం. మీ టాప్‌షీట్ మీద బూటు మధ్య గుర్తు పక్కనే 3.6 మిల్లీమీటర్ల బిట్, 9 మిల్లీమీటర్ల లోతు అని అచ్చేసి ఉంది. షాపు అదే బిట్ వాడింది, రసీదులో రాసింది. బిగించాక బైండింగ్ ఎంత బలానికి వదులుతుందో యంత్రం మీద పరీక్షించిన కాగితం కూడా ఇచ్చింది. లోతు ఎక్కువైతే కింద బేస్ మీద బొడిపెలు వస్తాయి, రంధ్రం చెడితే స్క్రూ చుట్టూ టాప్‌షీట్ ఉబ్బుతుంది. అలాంటివేమీ లేవు. చివరి స్క్రూకీ విడిపోయిన చోటుకీ మధ్య ఉన్న దూరం టేపుతో సహా ఫోటోలో ఉంది. స్క్రూలు బిగించిన షాపు ఏదైతేనేం, ఆ పనికీ వెనక భాగంలో అతుకు ఊడడానికీ సంబంధం ఏమిటో మీ వాళ్ళు ఒక్క వాక్యంలో కూడా చెప్పలేదు.

చట్టం కూడా ఈ విషయంలో మీవైపు లేదు. అమెరికాలో 1975 నుంచి మాగ్నసన్-మాస్ వారంటీ చట్టం ఉంది. ఫలానా కంపెనీ విడిభాగమో ఫలానా షాపు సేవో డబ్బిచ్చి తీసుకుంటేనే వారంటీ ఇస్తామని షరతు పెట్టడం, ప్రభుత్వ సంస్థ అయిన ఫెడరల్ ట్రేడ్ కమిషన్ ప్రత్యేకంగా మినహాయింపు ఇస్తే తప్ప, ఆ చట్టం ప్రకారం చెల్లదు. బయట చేయించిన పని వల్లే సరుకు పాడైతే ఆ నష్టానికి వారంటీ ఇవ్వక్కర్లేదు, అది సబబే. పాడు కాకపోయినా వారంటీ మొత్తం రద్దు అనడం వేరు. 2022లో ఇలాంటి షరతుల మీదే కమిషన్ హార్లీ-డేవిడ్సన్ మీద, గ్రిల్‌లు తయారుచేసే వెబర్ మీద చర్య తీసుకుంది. అంత పెద్ద కంపెనీలే ఆ షరతులు మార్చుకోవాల్సి వచ్చింది. మీ వారంటీ పత్రంలోని ఆ పేరా తీసేయమని నా ఒక్కడి కోసం అడగడం లేదు, మీ కస్టమర్లందరి కోసం అడుగుతున్నాను.

అసలు నాకు బాధ కలిగించిన విషయం ఇప్పుడు చెప్తాను.

ఆరోరా, సెంటెనియల్ చుట్టుపక్కల మన తెలుగు కుటుంబాల్లో స్కీయింగ్ నేర్చుకునేవాళ్ళు బాగా పెరిగారు. పిల్లలతో మొదలై, రెండేళ్ళు అద్దె స్కీలతో తిరిగి, సొంతవి కొందామనుకునే దశకు వచ్చినవాళ్ళు చాలామందే ఉన్నారు. వాళ్ళు నన్ను అడిగే ప్రశ్న ఒకటే: చిన్న తయారీదారు దగ్గర కొనొచ్చా, పేరున్న కంపెనీవే మంచివా? కొనొచ్చనే చెప్పేవాణ్ణి, మనస్ఫూర్తిగా. ఆస్ట్రియాలో రీడ్‌లోని ఫిషర్, ఆల్టెన్‌మార్క్ట్‌లోని అటామిక్, స్లొవేనియాలో బెగున్యెలోని ఎలాన్, ఇవి దశాబ్దాల అనుభవం ఉన్న ఫ్యాక్టరీలు. వాటి స్కీలు బాగుంటాయి, సీజన్ చివర్లో డిస్కౌంట్‌కి దొరుకుతాయి, దాదాపు ప్రతి షాపులో ఉంటాయి. ధర ఒక్కటే చూస్తే చిన్న తయారీదారు వాళ్ళతో పోటీ పడలేడు. అయినా నెవాడాలో మొమెంట్, ఆరెగాన్‌లో ఆన్‌త్రీపీ లాంటివి నిలబడ్డాయంటే, ఇక్కడి కొండలకూ రాళ్ళకూ తగినట్టు స్కీలు చేయడం, వాటిని చేసినవాళ్ళతో కస్టమర్ నేరుగా మాట్లాడగలగడం కారణం. మీరూ అదే మాట ఇచ్చారు. ఎడ్జ్ మందంగా వేస్తామన్నారు, బేస్ మందంగా వేస్తామన్నారు, ఏదైనా తేడా వస్తే నేనే చూస్తానన్నారు. డిస్కౌంట్‌లో దొరికే స్కీల కన్నా మీకు ఎక్కువ ఇచ్చింది ఆ చివరి మాటకే.

హోవర్డ్ హెడ్ సంగతి మీకు తెలిసే ఉంటుంది. 1940ల చివర్లో బాల్టిమోర్‌లో విమానాల కంపెనీ ఇంజినీరుగా ఉంటూ అల్యూమినియం పొరలతో స్కీలు చేయడం మొదలుపెట్టాడు. తొలి జతలు విరిగిపోయాయి. వాటిని శిక్షకుల చేత వాడించి, విరిగినవి వెనక్కి తెప్పించుకుని, ఎక్కడ విరిగిందో చూసి మళ్ళీ చేశాడు. మళ్ళీ విరిగాయి, మళ్ళీ చేశాడు. 1950లో పెట్టిన ఆయన కంపెనీ పేరు ఈ రోజుకీ స్కీల మీద కనిపిస్తుంది. చిన్న వర్క్‌షాపుకి విరిగి వెనక్కొచ్చిన స్కీ కన్నా విలువైనది ఇంకొకటి ఉండదని నా నమ్మకం. మీ సంస్థ నా స్కీని పంపమని కూడా అడగలేదు. ఫోన్‌లో ఫోటోలు చూసి, ముందే తయారుగా ఉన్న పేరా అతికించి పంపింది. నాకిచ్చిన జవాబులో నా స్కీ పొడవు కూడా తప్పుగా ఉంది. వేరే కస్టమర్‌కి రాసినదే నాకూ వచ్చిందేమో అనిపించింది. ఫ్యాక్టరీ కంపెనీ ఇలా చేస్తే కోపం వచ్చి ఊరుకునేవాణ్ణి. ప్రతి జతనీ చేత్తో పేర్చే మీరు చేశారని తెలిసి మనసు కష్టపెట్టుకున్నాను.

ఇంకో మాట కూడా దాచకుండా చెప్పాలి. కొత్తగా వచ్చినప్పుడే మీ స్కీల బేస్ సమంగా లేదు. ముందు భాగంలో మధ్యన లోతుగా, ఎడ్జ్‌లు ఎత్తుగా ఉంది, స్కేలు అడ్డంగా పెడితే కింద నుంచి వెలుతురు కనిపించింది. షాపులో గ్రైండ్ చేయించుకుని సరిపెట్టుకున్నాను. ఆ ఖర్చు అడగడం లేదు. కానీ ఆ లోపాన్నీ ఈ లోపాన్నీ కలిపి చూస్తే ఆ వారం మీ ప్రెస్‌లో ఏదో తేడా జరిగిందని నాకు అనుమానం. నా జతతో పాటు అదే వారం చేసిన మిగతా జతలు ఎవరి కాళ్ళకింద ఉన్నాయో మీ రికార్డుల్లో ఉంటుంది. దయచేసి వాళ్ళందరికీ రాయండి, ఎడ్జ్‌లు నొక్కి చూసుకోమనండి. నా డబ్బు కన్నా ముందు చేయాల్సింది ఇదే.

ఒక విషయం స్పష్టంగా చెప్పనివ్వండి. ఆ స్కీ ఎక్కినప్పుడు బాగుంది. 98 మిల్లీమీటర్ల నడుముతో, అంటే మధ్యలో వెడల్పుతో, కొత్త మంచులో తేలిక, గట్టి మంచు మీద కూడా బెదరదు. కాపర్ మౌంటెన్ స్కీ రిసార్టులో మధ్యాహ్నానికి గుట్టలు గుట్టలుగా చెదిరిన మంచులో కూడా అది వణకలేదు. మీకు డిజైన్ తెలుసు, చెక్క తెలుసు. అందుకే సొమ్ము వాపసు కన్నా సరిగ్గా చేసిన కొత్త జతే నాకు ఇష్టం. మీ జవాబు చూశాకే ఆర్డరిద్దామని ఆగిన మిత్రులు ఇద్దరున్నారు. వాళ్ళకు నేను ఏం చెప్పాలన్నది ఇప్పుడు మీ చేతిలో ఉంది.

స్కీలు తెప్పించుకోండి, మీ ఖర్చుతో. ఆ భాగం కోసి చూడండి, నాకు అభ్యంతరం లేదు. మీరు చూసింది నాకు రాతపూర్వకంగా చెప్పండి. కొత్త జత పంపితే బైండింగ్‌లు మళ్ళీ బిగించే ఖర్చు కూడా భరించాలి, ఎందుకంటే ఆ పని రెండోసారి చేయించాల్సి రావడానికి కారణం మీ సరుకు. ఏప్రిల్ 15 లోపు మీ దగ్గరి నుంచి జవాబు రాకపోతే కొలరాడో అటార్నీ జనరల్ కార్యాలయంలో, ఫెడరల్ ట్రేడ్ కమిషన్‌లో ఫిర్యాదు నమోదు చేస్తాను. ఇక్కడి స్మాల్ క్లెయిమ్స్ కోర్టు 7,500 డాలర్ల వరకు తగువులు వింటుంది, అవసరమైతే అక్కడికీ వెళ్తాను. అంత దూరం వెళ్ళాలని నాకు లేదు.

బైండింగ్‌లు విప్పించి స్కీలను పెట్టెలో సర్దాను. షిప్పింగ్ లేబుల్ మెయిల్ చేస్తే మర్నాడే పంపిస్తాను. మీరే స్వయంగా ఫోన్ చేస్తే ఇంకా మంచిది. పనిదినాల్లో సాయంత్రం ఆరు దాటాక ఎప్పుడైనా మాట్లాడగలను, నంబరు ఆర్డర్ వివరాల్లో ఉంది.

ఇట్లు,
మీ కస్టమర్

జతచేసినవి: కొనుగోలు రసీదు, ఫోటోలు, బైండింగ్ బిగింపు రసీదు, పరీక్ష కాగితం, సపోర్ట్ విభాగంతో నడిచిన మెయిళ్ళు