కార్డులు ఇప్పుడే పెట్టను

డోర్ట్‌మండ్, జర్మనీ

చిన్నా,

ఇక్కడ అందరం క్షేమం. నువ్వు చేసిన అష్టాచెమ్మా ఆట పార్సిల్ అందింది. పెడన కలంకారీ గుడ్డ మీద అష్టాచెమ్మా గళ్లు చక్కగా కుదిరాయి. ఏటికొప్పాక కాయలైతే మా పిల్లది చేతిలోంచి వదలట్లేదు. క్యూఆర్ కోడ్ కార్డుల కట్ట మాత్రం విప్పలేదు. "మీ క్లబ్బులో బల్లకొకటి పెట్టెయ్యక్కా, నచ్చినవాళ్లు స్కాన్ చేసి కొనుక్కుంటారు" అని రాశావు. సరిగ్గా ఆ విషయం మీదే మా క్లబ్బులో గొడవ నడుస్తోంది.

మాది శుక్రవారం సాయంత్రాలు ఒక చర్చి హాల్లో చేరి బోర్డ్ గేమ్స్ ఆడుకునే చిన్న సంఘం. లోపల అమ్మకాలు వద్దని మొదట్నుంచీ నియమం. ఈ మధ్య ఒకాయన వచ్చి, అందరి ముందూ తన ఆట తాలూకు కార్డు పెట్టి, ఒక్క ఆటకైనా కూర్చోకుండా వెళ్లిపోయాడు. తర్వాతి వారమూ అంతే. దాంతో మా పెద్దాయన ఒకరు, ఇకమీదట ఎవరూ సొంత ఆట పేరే ఎత్తకూడదు అన్నారు. కానీ మాలోనే ఒక జంట ఉన్నారు. సొంత డబ్బుతో ఒక ఆట తయారుచేసి అమ్ముతున్నారు. వారం తప్పకుండా వచ్చి, కొత్తవాళ్లకు వేరేవాళ్ల ఆటలు ఓపిగ్గా నేర్పుతారు. వాళ్లనీ, కార్డు పెట్టి వెళ్లిపోయినాయననీ ఒకే గాటన కట్టడం నాకు నచ్చలేదు.

పక్కనే ఎస్సెన్‌లో ఏటా అక్టోబరులో ఆటల సంత జరుగుతుంది, 1983 నుంచీ. నాలుగు రోజుల్లో రెండు లక్షల మంది దాకా వస్తున్నారు. ఆడి చూడటం, బేరం, కొనడం అన్నీ ఒక్క బల్ల దగ్గరే. ఎవరికీ ఇబ్బంది లేదు, ఎందుకంటే అమ్మేవాడెవడో నెత్తిమీద బోర్డు చెబుతుంది. కానీ చిన్నవాళ్లకు అక్కడ స్టాల్ అద్దె, హోటల్ ఖర్చు మోయడమే కష్టం. దుకాణాల ద్వారా అమ్ముదామంటే పంపిణీదారు వాటా, కొట్టువాడి వాటా పోను ధరలో సగం కూడా చేతికి రాదు. ఇక వాళ్లకు మిగిలేది మాలాంటి ఆటగాళ్లే. కటాన్ అనే బోర్డ్ గేమ్ చేసిన క్లౌస్ టోయ్బర్ పళ్లు కట్టే ల్యాబులో పనిచేస్తూనే ఆటలు చేసేవాడు. ఇంట్లోవాళ్లతో ఆడించి ఆడించి సరిచేసుకున్నాడు. 1995లో ఆ ఆట వచ్చాక ప్రపంచమంతా ఎలా పాకిందో నీకు తెలుసు. ఆడి చూసేవాళ్లే తలుపులు మూసేస్తే కొత్తవాడు ఎక్కడికి పోవాలి?

అలాగని పెద్దాయన భయం ఉత్తది కాదు. చేసినవాడు పక్కనే కూర్చుంటే "సగం నుంచి బోరు కొట్టింది" అని ఎవరంటారు? మొహమాటం మనకే సొంతం అనుకుంటాం గానీ, ఇక్కడా తక్కువేం లేదు. మెల్లమెల్లగా బల్ల దగ్గర ఉన్నమాట అనుకోవడం తగ్గిపోతుంది. అమ్మకం కన్నా నాకు దాని టెన్షనే ఎక్కువ.

అందుకే మీటింగులో నేనన్నది ఇది. పదిమందితో కలిసి ఆడేవాడు తన ఆట తేవచ్చు. పెట్టె తీయకముందే "ఇది నాది" అని చెప్పాలి. ఆట అయ్యాక అభిప్రాయాలు చెప్పుకునేటప్పుడు లేచి వేరే బల్లకు పోవాలి. కార్డులు తలుపు పక్క నోటీసు బోర్డు దగ్గరే ఉండాలి, ధర ఎవరైనా అడిగితేనే చెప్పాలి. బంధువుల ఆటలకూ ఇదే వర్తిస్తుంది. కాబట్టి నీ పెట్టె తీసినప్పుడు "మా తమ్ముడు చేశాడు" అనే మొదలుపెడతాను. పెద్దాయన ఇంకా ఒప్పుకోలేదు, ఆలోచిస్తానన్నారు.

ఇంకోటి, కార్డు పెట్టినా నువ్వు విజయవాడ నుంచి నేరుగా ఇక్కడికి అమ్మడం అంత తేలిక కాదు. 2024 డిసెంబరు 13 నుంచి ఇక్కడ అమ్మే వస్తువు మీద యూరోపియన్ యూనియన్‌లో బాధ్యత వహించేవాళ్ల పేరు, చిరునామా ఉండాలి. 2021 జూలై నుంచి చిన్న పార్సిల్‌కైనా పన్ను తప్పదు. 22 యూరోల లోపు ఉన్న మినహాయింపు తీసేశారు. ఆ బాధ్యత నన్ను తీసుకోమనకు. ఉద్యోగం వీసా మీద ఉన్నదాన్ని, వ్యాపారానికి వేరే అనుమతి కావాలి. ముందు అక్కడే హైదరాబాదు, బెంగళూరు క్లబ్బుల్లో ఆడించు. మీ బావగారి మాట కూడా అదే.

ఈలోగా నేనిక్కడ ఆడించి, వాళ్లు తిట్టినవి కూడా వదలకుండా రాస్తాను. గవ్వలు నాలుగూ బోర్లాపడితే ఎంత, వెల్లకిలా పడితే ఎంత అన్నది నీ నియమాల కాగితంలో మొదటి పేజీలో ఒకలా, వెనకపేజీలో ఇంకోలా ఉంది. అది సరిచేసి మళ్లీ పంపు, జర్మన్‌లోకి నేను మారుస్తాను. అమ్మను బీపీ మాత్రలు మానొద్దన్నానని చెప్పు.

ఆశీస్సులతో,
అక్క